అమడ పిల్లల తండ్రి

"మాట ఇచ్చింది నువ్వు. తీర్చుకునేది నువ్వే. మధ్యలోకి నా పిల్లల్ని యాల తెస్తావు?"

లోకనాథ్ గొంతు వీధి దాకా వినిపించింది. పాలు పితుకుతున్న అక్కమ్మ తల ఎత్తలేదు. ఆవు మాత్రం బెదిరి వెనక కాలు పక్కకు వేసింది.

"ఆవు దగ్గర అరవొద్దురా. బెదిరితే పాలియ్యదు."

"నేను అడిగిందానికి చెప్పమ్మా."

"ఏముండాది చెప్పేదానికి? నీ ఇంట్లో ఒకే కాన్పులో ఇద్దరు పుడతాండారు. నీ పెండ్లాం అక్కకు, మీ వొదినకు, ఒక్కరూ లేరు. అమడ పిల్లల్లో ఒకరిని ఆమెకు ఇస్తామని శ్రీమంతం పొద్దు పదిమందిలో అన్నాను. అన్నానంటే అన్నట్లే."

"ఎవర్ని అడిగి అన్నావు?"

"నిన్ను అడగల్నా? నిన్ను కనేటప్పుడు నేను ఎవర్నీ అడగలా."

అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్న రామప్ప తల పక్కకు తిప్పుకున్నాడు. తల్లీకొడుకుల మధ్య మాట్లాడి గెలిచిన రోజు ఆయనకు ఒక్కటీ గుర్తు లేదు. అందుకే తాడు మీదే చూపు పెట్టాడు.

"నాయనా, నువ్వన్నా చెప్పు," అన్నాడు లోకనాథ్.

"నాకేం తెలుసప్పా. నేను ఆ పొద్దు పందిలి కింద వడ్డిస్తాంటి."

"వడ్డించేవాళ్ళకు చెవులు ఉండవా?"

"ఉంటాయి. సాంబారు సాంబారు అని అరుస్తాంటే ఏమీ వినపడదు."

అక్కమ్మ చెంబు తీసుకుని లేచింది. నడుము పట్టుకుని ఒక క్షణం నిలబడింది. "నా పిల్లలంట! ఇంకా భూమ్మీద పడనే లేదు, నా పిల్లలంట! తొమ్మిది నెలలు మోసేది అది, సాకేది నేను. వీడు యాడో నడిమధ్య నిలబడి నా పిల్లలంటాడు."

"నేను సాకనా?"

"ఏం సాకుతావు? పాలిస్తావా?"

లోకనాథ్ దగ్గర దానికి జవాబు ఉంది. ఈ మధ్య అతను అలాంటి ప్రశ్నలన్నింటికీ జవాబులు తయారు చేసుకుని పెట్టుకున్నాడు. "తల్లికి తిండి పెడతాను. తల్లి తింటే పాలు అవే వస్తాయి. మన నల్లగొర్రె పోయినేడు రెండింటిని ఈనితే ఏం చేస్తివి? ఒకదాన్ని తీసి ఎవురికన్నా ఇస్తివా? ఉలవలు ఉడకబెట్టి పెడితివి. రెండూ బతికినాయి కదా?"

అక్కమ్మ చెంబు మీద వాలిన ఈగను తోలింది.

"నీ జన్మలో ఎప్పుడన్నా అమడ పిల్లల్ని విడదీసినావా అమ్మా? ఒక్కసారన్నా?"

అది ఆ ఇంటికి తెలిసిన సంగతే. ఆ ఇంట్లో అమడ పిల్లలను ఈనిన గొర్రెను సంతకు తోలితే మూడింటినీ ఒకరికే ఇవ్వాలి. లేదంటే వెనక్కి తోలుకొచ్చేయాలి. అది అక్కమ్మ పెట్టిన కట్టడి కాదు, ఆమె అత్త కాలం నుంచీ వస్తున్నది. ఒకసారి పుంగనూరు సంతలో పలమనేరు వ్యాపారి ఒకడు తల్లినీ ఒక పిల్లనూ బేరం చేసి తాడు కట్టేశాడు. అక్కమ్మ మందిలో నుంచి దూరి ఆ తాడు విప్పుకుని వచ్చింది. "విడిపోయిన పిల్ల అరుపు నీకు వినపడదప్పా, నాకు వినపడతాది" అని చెప్పి వచ్చింది. ఆ మాట ఇప్పటికీ సంతలో చెప్పుకుంటారు.

"అవి గొర్రెలు," అంది అక్కమ్మ చివరికి.

అంతే అంది. అని లోపలికి వెళ్ళిపోయింది.

లోకనాథ్ అక్కడే నిలబడిపోయాడు. గొర్రెలను గొర్రెలు అని అతని తల్లి అనగా అతను వినడం అదే మొదటిసారి. ప్రతి దానికీ ఒక పేరు పెట్టి పిలిచే మనిషి ఆమె.

లోపల నుంచి మళ్ళీ ఆమె గొంతు వినిపించింది. "సంగటి అట్లే ఉండాది. ముందు సౌమ్య చేత తినిపించు. ఆ తర్వాత నన్ను తిందువు గానీ. పొద్దెక్కేలోపల మీ వొదిన నవనీత కారు వస్తాది. పిల్లను వట్టి కడుపుతో పుట్టింటికి పంపిస్తే ఆ మాట కూడా నాకే వస్తాది."

*

సౌమ్య గదిలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. తట్టలో సంగటి ముద్ద పైన ఎండిపోయి పొర కట్టింది. పక్కన పప్పు అలాగే ఉంది.

ఆ గది లోకనాథ్ తయారు చేసిన గది. శ్రీమంతానికి ముందు అతనే సున్నం కొట్టాడు. కిటికీకి దోమలు రాకుండా జాలీ వేశాడు. రెండు నులక మంచాలను కలిపి, మధ్యలో సందు లేకుండా తాడుతో బిగించాడు. అటు ఒకరు, ఇటు ఒకరు, మధ్యలో సౌమ్య అని అతని లెక్క. "మరి మీరు?" అని అప్పుడు సౌమ్య అడిగితే, "నాకు నేల లేదా? ఇద్దరి తండ్రికి మంచం యాల?" అన్నాడు. ఆ రోజు ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఈ రోజు నవ్వు లేదు.

"రెండు ముద్దలు తిను."

"వద్దు."

"వాళ్ళకు ఆకలైతాది."

ఆమె కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. 

లోకనాథ్ ఆమె ఎదురుగా కింద కూర్చున్నాడు. ముద్ద తుంచి, పప్పులో అద్ది, ఆమె నోటి దగ్గర పెట్టాడు. ఆమె తిన్నది. రెండో ముద్ద కూడా తిన్నది. మూడోదానికి కళ్ళలో నీళ్ళు వచ్చాయి.

"యాల ఏడుస్తాండావు? నేను ఒప్పుకోలేదు కదా. మా అమ్మ ఎవురికి ఏం మాటిచ్చినా సరే, నా పిల్లలు ఇద్దరూ ఈ ఇంట్లోనే పెరుగుతారు. నువ్వు మీ అక్క ఇంటికి కుప్పం పోవద్దు. మదనపల్లెలో డాక్టరమ్మ ఉండాది. ఆయమ్మే సూసుకుంటాది. వొదిన వచ్చినాక నేను చెప్తాను."

"తొలి కాన్పుకు పుట్టింటికి పోకపోతే అక్క మొఖం ఎట్ల ఎత్తుకుంటాది?"

"అయితే పోతావా?"

"పోతే... నేను కాదనలేను."

"ఏం కాదనలేవు?"

సౌమ్య తలుపు వైపు చూసింది. బయట అక్కమ్మ పాల క్యాను కడుగుతున్న చప్పుడు. "అత్తమ్మను అట్ల అనొద్దండి," అంది మెల్లగా.

"నీకు ఆయమ్మ మీద కోపం రాదా? నీ కడుపులో బిడ్డను నిన్ను అడగకుండా ఇచ్చేసింది!"

ఆమె తల దించుకుంది. లోకనాథ్ ఇంకొక ముద్ద పెట్టబోతే తల అడ్డంగా ఊపింది.

ఆ మౌనాన్ని అతను తనకు తోచినట్టు అర్థం చేసుకున్నాడు. నెమ్మదస్తురాలు, అత్తను ఎదిరించలేదు, తల్లి లేని పిల్ల అనుకున్నాడు. తల్లి పోయినప్పుడు సౌమ్య ఇంకా బడికి వెళ్తోంది. అప్పటి నుంచీ జడ వేసిందీ, చదివించిందీ, సంబంధం చూసి పెళ్ళి చేసిందీ అక్క నవనీతే. అందుకే సౌమ్యకు పుట్టిల్లంటే కుప్పంలో నవనీత కాపురం ఉంటున్న ఇల్లే. నవనీత మొగుడు పట్టుగూళ్ళ వ్యాపారం చేస్తాడు. ఇల్లు పెద్దది. ఇంట్లో ఇద్దరే మనుషులు.

లోకనాథ్ తట్ట పక్కకు పెట్టి లేచాడు. క్యాను మోటారు సైకిలుకు కట్టి పుంగనూరు బయల్దేరాడు.

*

పాల కేంద్రం ముందు రోజూ ఉండే మందే ఉంది. పాలు కొలిచే గంగులయ్య అతన్ని దూరం నుంచే చూశాడు.

"జరగండప్పా, జరగండి. డబల్ నాయన వస్తాండాడు."

మామూలుగా ఆ మాటకు లోకనాథ్ ఛాతీ కొంచెం ముందుకు వచ్చేది. మదనపల్లెలో స్కానింగ్ చూసి వచ్చిన మర్నాడు ఈ మందికి మిఠాయి పంచింది అతనే. అందరికీ రెండేసి ఇచ్చాడు. ఒకటి తీసుకుని చాలన్నవాడి చేతిలో బలవంతంగా రెండోది పెట్టాడు. "ఒకటి తింటే ఇంకొకరు అలుగుతారు" అన్నాడు. ఆ మాట కేంద్రంలో చాలా రోజులు తిరిగింది.

ఆ రోజు స్కానింగ్ గదిలో ఎవరూ చెప్పకుండానే అతను చెప్పులు బయట విడిచి వెళ్ళాడు. డాక్టరమ్మ మొదట ఒక గుండె చప్పుడు వినిపించింది. గుర్రం పరిగెత్తినట్టు ఉంది. అయిపోయిందనుకుని అతను దండం పెట్టబోతే, "ఉండప్పా, ఇంకొకరు ఉండారు" అని ఆయమ్మ యంత్రాన్ని కొంచెం జరిపింది. రెండో చప్పుడు వినిపించింది. అది మొదటిదాని కంటే కొంచెం నిదానం. అప్పటి నుంచీ అతను ఆ రెండింటినీ విడివిడిగా గుర్తుపెట్టుకున్నాడు. తొందర మనిషి ఒకరు, నిదానం మనిషి ఒకరు. పొలంలో ఒంటరిగా ఉన్నప్పుడు వాళ్ళిద్దరూ తన వెనకాల నడుస్తున్నట్టు అనిపించేది. ఒకరు ముందుకు పరిగెత్తినట్టూ, ఇంకొకరు ఆగి రాళ్ళు ఏరుతున్నట్టూ.

వాళ్ళలో ఎవరు కుప్పం పోవాలి? ఆ ప్రశ్న శ్రీమంతం నుంచీ అతన్ని నిద్రపోనివ్వడం లేదు.

"ఏమప్పా, మాటే లేదు?" అన్నాడు గంగులయ్య క్యాను మూత తీస్తూ. "ఒకరిని కుప్పానికి ఇచ్చేస్తాండారంట గదా? అయితే ఇంక డబల్ నాయన కాదు. సింగిలే."

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు.

"ఎవురు చెప్పినారు నీకు?"

"ఎవురు చెప్పల్ల? మీ అమ్మ గొంతు ఏమన్నా సన్నదా? మంచి పనేలే. బిడ్డలు లేని తల్లికి..."

"గంగులన్నా," అన్నాడు లోకనాథ్. గొంతు పెంచలేదు. "మేము పాలు పోసినప్పుడు నువ్వు ఎప్పుడన్నా సగం కొలిచి, సగం ఊరికే పెట్టుకున్నావా?"

"రామ రామ! నేనా?"

"అట్లే నేను కూడా. ఇద్దరికి తండ్రిని. ఇద్దరికే ఉంటాను. రేపటి నుంచి కూడా డబల్ అనే పిలువు."

మంది నవ్వారు. ఈసారి నవ్వు గంగులయ్య మీద. గంగులయ్య కూడా నవ్వేశాడు. "సరే నాయనా, సరే. నువ్వు డబలే. నీ మొఖం సూస్తే త్రిబుల్ కూడా అయ్యేట్లు ఉండావు."

వెనక్కి వచ్చేటప్పుడు దారి పొడవునా లోకనాథ్ నవనీతతో ఏమనాలో మాటలు పేర్చుకున్నాడు. వొదినా, మీ మీద గౌరవం లేక కాదు. వొదినా, అడగకుండా ఇచ్చిన మాట అది. వొదినా, మా అమ్మ పెద్దది, ఏదో అనేసింది. ఒక్కో మాటా సరిగానే ఉంది. ఇంటి మలుపు తిరగగానే తెల్ల కారు కనిపించింది. పేర్చుకున్న మాటలు ఎటో పోయాయి.

*

నవనీత అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతోంది. నీలం పట్టుచీర, తలలో కనకాంబరాలు. పుట్టింటికి పిలుచుకుని పోవడానికి వచ్చినప్పుడు ఎలా రావాలో అలాగే వచ్చింది. పళ్ళూ పసుపూ కుంకుమా ఉన్న తట్టను సౌమ్య ఒళ్ళో పెట్టింది. సౌమ్య దాన్ని పట్టుకుని కూర్చుంది. పక్కన ఆమె సంచీ. ఎవరు సర్దారో లోకనాథ్‌కు తెలియదు.

"రా లోకనాథా. నీకోసమే కాసుకొని ఉండాము. రాహుకాలం రాకముందే పల్లె దాటల్ల."

"బాగుండారా వొదినా?"

"బాగుండాను. ఈ మధ్య జాస్తి బాగుండాను." ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి లోకనాథ్ చూపు పక్కకు తిప్పుకున్నాడు. "కాళ్ళు నేల మీద నిలవడంలేదు నాకు. మొన్న మంచిరోజు సూసి ఉయ్యాల కూడా కట్టేసినాను. నడింట్లో."

అక్కమ్మ చేతిలోని చెంబు టంగుమని అరుగుకు తగిలింది. "పుట్టకముందే ఉయ్యాల కట్టినావా తల్లీ! కట్టకూడదమ్మా!"

"తెలుసత్తమ్మా. అందరూ అదే అన్నారు. కట్టకుండా ఉండలేకపోతిని. తొమ్మిదేండ్లుగా ఆ దూలానికి కొక్కీ ఉండాది. దాన్ని సూసేది, పనికి పోయేది. ఒక పొద్దు పొయ్యి చీర తెచ్చి కట్టేసినాను. ఏమన్నా కానీ అనుకుంటిని."

 రామప్ప చేతిలో తాడు ఆగిపోయింది.

లోకనాథ్‌కు అదే సమయం అనిపించింది. ఇంకా ఆగితే అసలు చెప్పలేడు. "వొదినా, ఒక మాట. మీరు కోప్పడినా సరే."

"చెప్పు."

"మా అమ్మ ఆ పొద్దు అన్న మాట... ఆయమ్మ నన్ను అడగలేదు. సౌమ్యనూ అడగలేదు. పెద్దామె, నోటికి వచ్చింది అనేసింది. బిడ్డను ఇచ్చే మాట అవ్వ నోటి నుంచి రాకూడదు వొదినా. తండ్రి నోటి నుంచి రావల్ల. నా నోటి నుంచి అది రాదు."

నవనీత మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. నెమ్మదిగా అక్కమ్మ వైపు చూసింది. కోపంగా కాదు. ఏదో అడుగుతున్నట్టు.

అక్కమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "అవునమ్మా. నేనే అనేసినాను. నోరు జారింది. వాడు అనేది నిజమే. నన్ను తిట్టుకో."

"అత్తమ్మా..." అంది నవనీత.

"తిట్టుకోమంటాండా కదా. అయిపోయింది."

"అయిపోలేదు," అంది సౌమ్య.

ఆమె గొంతు అందరికీ కొత్తగా వినిపించింది. తట్ట పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచింది. లోకనాథ్ చెయ్యి అందించబోతే అందుకోలేదు.

"అత్తమ్మను ఇంక ఎవరూ ఏమీ అనొద్దు. ఆ మాట అత్తమ్మది కాదు. నాది."

లోకనాథ్‌కు వెంటనే అర్థం కాలేదు. "ఏ మాట?"

"మదనపల్లెలో ఇద్దరని చెప్పినారే, ఆ పొద్దు. మీరు మిఠాయి తెచ్చేదానికి అంగడికి పోయినారు. నేను బస్టాండులో కూర్చొని అక్కకు ఫోన్ చేసినాను. అక్క ఏడ్చింది. సంతోషంగానే ఏడ్చింది. ఆ ఏడుపు విని... 'ఒకరు నీకక్కా' అనేసినాను. నా అంతట నేనే. అక్క అడగలేదు."

పెరట్లో ఒక గొర్రె అరిచి ఊరుకుంది.

"శ్రీమంతం పొద్దు గాజులు తొడగతా అక్క అడిగింది, 'ఆ మాట అందరి ముందర ఒకసారి చెప్పు సౌమ్యా' అని. నాకు నోరు రాలేదు. అంతకు ముందే తలకు నూనె పెట్టేటప్పుడు అత్తమ్మకు చెప్పుకొని ఏడ్చినాను. అందుకే అత్తమ్మ మధ్యలోకి వచ్చి 'నేనిస్తాండా మాట' అనేసింది. మొగుడికి చెప్పకుండా బిడ్డను పుట్టింటికి ఇచ్చేసిందని పదిమందీ నన్ను అంటారని."

లోకనాథ్ తల్లి వైపు తిరిగాడు. శ్రీమంతం నుంచీ ఆమెను తను అన్న మాటలన్నీ ఒక్కొక్కటిగా గుర్తుకు వచ్చాయి. పొద్దున ఆవు దగ్గర అన్నవి కూడా.

"యాల చెప్పలేదమ్మా నాకు?"

"చెప్తే దాని మీద అరిచేవాడివి. కడుపుతో ఉండే పిల్ల. నా మీద అరిస్తే ఏమి? నీ అరుపు నాకు కొత్తా? పుట్టిన రోజు నుంచీ వింటాండా."

"నువ్వు ఇస్తావా మరి? నిజంగా ఇద్దరినీ విడదీస్తావా?"

అక్కమ్మ అతని కళ్ళలోకి చూసింది. "నేనా? నా ఇంట్లోనా?" అంది. ఆ రెండు మాటలూ ఎప్పటి అక్కమ్మ మాటల్లాగే ఉన్నాయి. "సౌమ్య తనంతట తాను కాదనేదాకా ఆ మాటను నేను మోస్తామని మోసినాను. ఎవురి మాట వాళ్ళే వెనక్కి తీసుకోవల్ల. నేను తీసుకుంటే కుదరదు."

  సంతలో తాడు విప్పుకుని వచ్చిన మనిషి కొడుకు తను. ఆ సంగతి లోకనాథ్‌కు ఇంతకు ముందు ఎప్పుడూ ఇంత గొప్పగా అనిపించలేదు.

సౌమ్య అక్క ముందు కింద కూర్చోబోయింది. కూర్చోలేక, అరుగు అంచు పట్టుకుని నిలబడింది.

"అప్పుడు వాళ్ళు కదల్లేదక్కా. ఇద్దరని డాక్టరమ్మ చెప్తే విన్నాను, అంతే. ఇప్పుడు కదుల్తాండారు. ఒకరు ఈడ తంతే ఇంకొకరు ఆడ తంతారు. ఒకరు కదలకపోతే ఇంకొకరు లేపుతారు. వాళ్ళు ఇద్దరూ మాట్లాడుకుంటాండారక్కా. మధ్యలో నేను యాడ కొయ్యాల? నువ్వు నాకు తల్లివి. నిన్ను కాదనేదానికి నాకు నోరు లేదు. అయినా కాదంటాండాను. నన్ను కొట్టు."

నవనీత కొట్టలేదు. చెల్లెలి ముఖం మీద పడిన వెంట్రుకలను చెవి వెనక్కి తోసింది. చిన్నప్పటి నుంచీ చేసే పనే అది. 

"నేను అడిగి ఉండకూడదు, పదిమందిలో," అంది. "నువ్వు మర్చిపోతావేమో అని భయమేసింది."

పళ్ళ తట్టను మళ్ళీ చెల్లెలి చేతికి ఇచ్చింది.

"పద, ఎక్కు," అంది నవనీత లేస్తూ. "కాన్పు మన ఇంట్లోనే. అది బిడ్డ కోసం కాదు. నీకోసం. పెద్దాసుపత్రి కూడా దగ్గరే ఉండాది. దానికన్నా కాదనొద్దు."

సౌమ్య లోకనాథ్ వైపు చూసింది. ఈసారి తల దించుకోలేదు.

"పోదాం," అన్నాడు లోకనాథ్. "నేను కూడా వస్తాండాను."

"నువ్వా?" అంది అక్కమ్మ. "కాన్పుకు ఆడపిల్లతో మొగుడు కూడా పోతాడా? పోయి అత్తగారింట్లో కూర్చుంటావా? నలుగురూ నవ్వరా?"

"నవ్వనీమ్మా. ఇద్దరు పుడతాండారు. ఇద్దర్ని ఎత్తుకునేదానికి ఇద్దరు కావల్ల. ఆసుపత్రిలో నర్సమ్మ నేర్పించింది నాకు, ఒకేసారి ఇద్దర్ని ఎట్ల పట్టుకోవల్లో. దిండ్లతో నేర్చుకుంటి. దిండ్లు ఒక్కటి కూడా కింద పడలా."

రామప్ప మొదటిసారి నోరు తెరిచాడు. "పోనీలే. గొర్రెలను నేను తోలుకుంటాలే. ఆవును మీ అమ్మ సూస్తాది. పో."

"నీకు నోరు ఇప్పుడొచ్చిందా?" అంది అక్కమ్మ. కానీ ఆ మాటలో కోపం లేదు. లోపలికి వెళ్ళి కొడుకు చొక్కాలు రెండు తెచ్చి సౌమ్య సంచీలో కుక్కింది. కుక్కుతూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఇద్దర్నీ ఒకేసారి ఎత్తుకొని నాకు ఫోన్‌లో సూపించల్ల. ఒకరిని సూపించి ఊరుకుంటే ఫోన్ పగలగొడతా."

నవనీత కారు తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఎవరి వైపూ చూడటం లేదు.

"లోకనాథా."

"చెప్పండి వొదినా."

"ఆ ఉయ్యాల ఉండాదే. దాన్ని ఇప్పేదానికి నాకు చేతులు రావు. ముందరే నువ్వు పోయి ఇప్పేయి. నేను వీధిలోనే ఉంటాను. అయినాక లోపలికి వస్తాను."

లోకనాథ్ ఆలోచించలేదు. దానికి పేర్చుకున్న మాటలేవీ అతని దగ్గర లేవు. "ఇప్పను వొదినా," అన్నాడు. "దాని పక్కనే ఇంకొకటి కడతాను. కొక్కీ లేకపోతే కొక్కీ వేస్తాను. ఒకరు ఏడిస్తే మీరు ఊపండి. ఇంకొకరు ఏడిస్తే నేను ఊపుతా. సౌమ్య నిద్రపోనీ."

నవనీత పెదవులు కదిలాయి. ఎండలో ఆమె కళ్ళు మెరిశాయి. ఒక్క క్షణం, ఆమె ముఖంలో వచ్చినప్పటి సంతోషం మళ్ళీ కనిపించింది. అందరూ దాన్ని చూశారు. అది పోవడం కూడా చూశారు.

"మూడో నెల వెళ్ళినాక మంచిరోజు సూసుకొని ఇద్దర్నీ ఎత్తుకొని ఈడికి వచ్చేస్తారు," అంది. "రావల్ల. అదే న్యాయం. అప్పుడు నడింట్లో రెండు వట్టి ఉయ్యాలలు ఉంటాయి, లోకనాథా. వట్టి కొక్కీ ఉంటే సూసి ఓర్చుకుంటి. రెండింటిని సూసి ఎట్ల ఉండాలో కూడా చెప్పు."

  లోకనాథ్ తల్లి వైపు చూశాడు. అక్కమ్మ తల దించుకుంది. 

సౌమ్య మెల్లగా వెళ్ళి వెనక సీటులో కూర్చుంది. లోకనాథ్ సంచీ తీసి ఆమె కాళ్ళ దగ్గర పెట్టాడు. ముందు తలుపు తీసి డ్రైవరు పక్కన కూర్చున్నాడు.

కారు స్టార్టు అయింది. నవనీత ఇంకా ఎక్కలేదు.